రాణివాసం గుమ్మం

మా బడి ఆయా ఖాళీ గదిలోకి కూడా అడక్కుండా వెళ్ళేది కాదు.

అరవైల చివర్లో, విజయనగరం దగ్గర ఒక పాత రాణివాసాన్ని బాగుచేసి ఆడపిల్లల బడిగా మార్చారు. నేనక్కడ కొత్త పంతులమ్మని. ఆయా ఒకప్పుడు అక్కడే దాసీ. చీపురు పట్టుకొచ్చి, మూసిన తలుపు ముందు గాజులు గలగలలాడించి, తల వంచుకుని నిలబడేది. కాసేపటికి గానీ లోపలికి అడుగు పెట్టేది కాదు. బడి గంట కొట్టే వేళవుతుంటే నాకు ఒళ్ళు మండేది.

వెలుతురు కోసం ఆ తలుపులు ఊడదీస్తామని మేస్త్రీ అంటే అడ్డం పడింది.

"తలుపు నేకపోతే నానెక్కడ ఆగాల బాబూ?"

ఒక మధ్యాహ్నం అలాంటి ఒక ఖాళీ గదిలో తలుపు మూసుకుని ఒక్కదాన్నే ఉన్నాను. బయట గాజులు మోగాయి. ఆటపట్టిద్దామని గొంతు తగ్గించి, "రా" అన్నాను.

ఆయా లోపలికొచ్చి, నన్ను చూసి చీపురు జారవిడిచింది.

"నువ్వా పిలిసినావు, పంతులమ్మా?"

"నేనే. భయపడ్డావా?"

"కాళీ గదిలోంచి ఇన్నేళ్ళూ నన్ను రమ్మంటన్న గొంతు ఇదేనమ్మా."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత ఆ గదికి వెళ్ళినప్పుడల్లా నేను గాజులు మోచేతి దాకా తోసుకుని, చప్పుడు కాకుండా తలుపు తీసేదాన్ని.