చెప్పినవాడు మారతాడా

మా ఏసు గుడిలో వాక్యం బోధించే ఉపదేశియారు పోయారని ఎస్తేరు వచ్చి చెప్పినప్పుడు నేను అగ్గిపెట్టెలకు చీటీలు అంటిస్తున్నాను. వేళ్ళకు గంజి అలాగే ఉండగా లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో మా ఊరివాళ్ళకు వేరే చెప్పక్కరలేదు, మీకు చెప్పాలి.

తన మాటలు చెప్పేటప్పుడు ఆయన మాతోపాటు చాప మీదే కూర్చునేవారు. పది ఆజ్ఞలు వల్లించే ముందు మాత్రం మోకాళ్ళు పట్టుకుని లేచి, మమ్మల్నీ లేపేవారు. "నా మాటకి కూర్చోండి. ఆయన మాటకి నిలబడండి" అనేవారు. ఎవరైనా ఆజ్ఞను గడగడా అప్పజెప్పినా మెచ్చుకోలు లేదు. "ఎవురు చెప్పినారు?" అని అడిగేవారు. "దేవుడు" అంటేనే తల ఊపేవారు. ఆ ప్రశ్న నా వైపు తిరిగితే ముందువాళ్ళ వీపు చాటుకు జరగడమే నా పని.

మాది తమిళనాడు; గుడిలో ప్రార్థనలు, ఆజ్ఞలు అంతా తమిళం, ఇంట్లో తెలుగు. అందుకని దేవుడికి తెలుగు రాదని నేను గట్టిగా నమ్మాను. తమిళంలో అబద్ధమాడాలంటే భయం, తెలుగులో పరవాలేదు! పదకొండేళ్ళప్పుడు గుడి లాంతరు గ్లాసు నా చేతిలో పగిలింది. ఆయన అడిగితే, "ఎస్తేరు పగలగొట్టింది అయ్యా" అని తెలుగులోనే చెప్పాను. ఎస్తేరు మా పక్కింటి పిల్ల. ఆ ఏడు విరుదునగర్ బోర్డింగు బడిలో మా ఊరికి ఒక్కటే చోటు, అది ఆమెకు ఖాయమై ఉంది. ఒళ్ళు దగ్గర పెట్టుకోని పిల్లను పంపలేమని గుడి పెద్దలు ఆ చోటు నాకిచ్చారు.

తర్వాతి ఆదివారం తమిళం రాని ముసలమ్మ ఒకామె గుడికి వచ్చింది. ఆమె కోసం ఆయన లేచి, పక్కవాళ్ళ మీద అబద్ధం చెప్పకూడదన్న ఆజ్ఞను మొదటిసారి తెలుగులో చెప్పారు. తెలుగే కదా అని మేమెవరం లేవలేదు.

"ఏం, అందురూ కూర్చోనుండారు? బాస మారితే చెప్పినవాడు మారతాడా?"

అంటే ఎస్తేరు మీద నేను తెలుగులో చెప్పిందీ దేవుడు విన్నాడు!

మర్నాడు నా పేరు రాసిన ఉత్తరంతో ఆయన విరుదునగర్ వెళ్తున్నారు. కోవిల్‌పట్టి స్టేషను దాకా పరుగెత్తాను. రైలు వచ్చేసిందేమో, రాకపోతే ఆయన కొడతారేమో, అన్ని భయాలూ ఒక్కసారే. ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"అయ్యా, గ్లాసు పగలగొట్టింది నేను. ఎస్తేరు కాదు."

ఆయన లేచారు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"కన్ను తెరువు బిడ్డా. నిజం చెప్పమనింది నేను గాదు. దానికే నిలబడినాను."

పెన్సిలు తీసి నా పేరు కొట్టేసి ఎస్తేరు పేరు రాశారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. పశ్చాత్తాపంతో కాదు, బడి పోయిందని. దాచడం ఎందుకు?

ఎస్తేరు చదువుకుని మా ఊరికే టీచరమ్మగా వచ్చింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే, నన్ను ఆమె దగ్గరికి పంపించింది ఆయన. ఇప్పుడు రాస్తున్నవి ఆ అక్షరాలే. ఇక మీదట నన్ను "ఎవురు చెప్పినారు?" అని అడిగేదెవరన్న బెంగ మాత్రం తీరడం లేదు.

సమాధి దగ్గర ఎస్తేరు ఆజ్ఞలు చదివింది, ముందు తమిళంలో, తర్వాత తెలుగులో. అందరం నిలబడ్డాం. ఆయన ఒక్కరే పడుకుని ఉన్నారు. పెట్టె మూత వేయబోతుంటే నాకు ఒకటే ఆరాటం: కాస్త ఆగండి, మోకాళ్ళు పట్టుకుని లేస్తారేమో.