రేపు ఇవ్వమన్న కాగితం

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే, ర్యాంకులొచ్చిన పిల్లల బొమ్మలతో పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. జనమంతా దాన్నే చూస్తుంటే, అందులో బొమ్మ లేని పిల్లలు ఈ పూట ఎక్కడున్నారో, పక్కన ఎవరైనా ఉన్నారో లేదోనని నేను ఎప్పటిలాగే ఆలోచనలో పడ్డాను.

మా ఆయన పోయాక పంజాగుట్టలో ఒక బడిలో ఆయాగా చేరాను. గంట కొట్టడం, నీళ్ళు నింపడం, ఊడిన జడలు మళ్ళీ అల్లడం నా పని; మీరూ ఆడపిల్లలకు జడలు వేసినవాళ్ళే, వాళ్ళ మనసు చేతికి తెలిసిపోతుందని మీకు నేను చెప్పాలా! పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, జడ వేస్తున్నంతసేపూ గలగలా వాగేది. అలాంటిది కొన్నాళ్ళుగా రాయిలా కూర్చుంటోంది. ఒకరోజు మడిచిన కాగితం నా చేతిలో పెట్టి, "ఆయమ్మా, గిది మేడమ్‌కియ్యి. ఇయ్యాల గాదు, రేపియ్యి" అంది. నాకు చదువు రాదాయె, సెలవు చీటీ అనుకుని కొంగున ముడేసుకున్నాను.

నీళ్ళు పడుతుంటే తట్టింది, సెలవు చీటీ అయితే రేపెందుకు? పొద్దున తన జామెట్రీ బాక్సు పక్క పిల్లకు ఊరికే ఇచ్చేయడం చూశాను కూడాను. ముడి విప్పి ఎంత చూసినా ఒక్క అక్షరమూ నాతో మాట్లాడలేదు. రెండంతస్తులు ఎక్కి వాళ్ళ క్లాసు మేడమ్‌కు అప్పుడే ఇచ్చేశాను.

చదివి ఆమె తిట్టలేదు, కేకలేయలేదు, తిన్నగా వచ్చి పిల్ల పక్కన కూర్చుని, "నాకేం కోపం లేదమ్మా, ఎక్కడికీ వెళ్ళను" అంది. పిల్ల మాత్రం నా మీద విరుచుకుపడింది.

"రేపియ్యమన్న గదా! నమ్మితే గిట్ల చేస్తవా?"

ఆ మాటకు, తప్పు చేశానేమోనని భయమేసింది. తనకిక బతకాలని లేదని రాసిందట అందులో. తల్లిని పిలిపించారు, డాక్టరుకు చూపించారు. ఆ తర్వాత చాన్నాళ్ళు స్నేహితురాళ్ళు వంతులేసుకుని ఇంటిదాకా తోడు వెళ్ళేవారు. ఆ పిల్ల నా దగ్గరికి మాత్రం రాలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు వచ్చి, వీపు నా వైపు పెట్టి కూర్చుని రిబ్బను విప్పింది. ఆ జడ విప్పి విప్పి మూడుసార్లు అల్లాను.

ఇప్పుడు బడుల్లో పిల్లల గోడు వినడానికే ఒక మేడమ్‌ను పెడుతున్నారట, మా రోజుల్లో అదీ లేదు, పెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. కానీ ఆయాలు పనివాళ్ళను పంపే ఏజెన్సీ నుంచి వస్తున్నారు, పిల్లల పేర్లు నోటికి వచ్చేలోపే మారిపోతున్నారు. మాట తగ్గిన పిల్లను గుర్తుపట్టాలంటే, ముందు ఆ పిల్ల ఎంత వాగేదో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదమ్మా.