మూడో దినం పిట్ట

మా అవ్వ, అంటే మా అమ్మ, తన చావుకు సామాను సర్దుకుంటున్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అరవైల చివర్లో నేను నిజామాబాద్‌లో బి.ఏ. చదువుతూ, శనివారం బస్సెక్కి బోధన్ వచ్చేవాణ్ణి. అలా వచ్చిన ఒక శనివారం మంచం కింద రేకుపెట్టె కనపడింది. తెరిచాను. ఉతికి మడతపెట్టిన తెల్లచీర, మడతల్లో వేపాకు, కొవ్వొత్తులు, విప్పని సబ్బు. మా ఇంట్లో సబ్బు విప్పకుండా ఉండటం మామూలు సంగతి కాదు. నా అనుమానం అక్కడ మొదలైంది.

“అవ్వా, గిదేంది?”

“నా ప్రయాణం పెట్టె. సబ్బు ముట్టకు. నాకు ఆఖరి తానం పోసేటప్పుడు కావాలె.”

గుండె పెద్దదైందని డాక్టరు చెప్పాడట. ఆమె ఆ మాటను కొంత మెచ్చుకోలుగానే తీసుకున్నట్టుంది. “ప్రభువు దగ్గరికే గదరా పోయేది. ఏడ్సుకుంట పోతె ఆయనేమనుకుంటడు?” అంది.

నాకు నమ్మకం కుదరలేదు. అప్పటికి ఏడాదిగా తర్కశాస్త్రం చదువుతున్నాను. తల్లి మాటక్కూడా రుజువు అడిగే వయసు. లోపల భయం పెట్టుకుని పైకి ధైర్యం చూపిస్తోందనుకున్నాను. సాయంత్రం ఆమె ప్రార్థన చేసుకుంటుంటే పుస్తకం అడ్డం పెట్టుకుని విన్నాను.

“ప్రభువా, నువ్వు పిలుస్తె తయారుగనే ఉన్న. కని చెరుకు సీజన్ల పిలవకు. ఫ్యాక్టరీల ఈయనకు సెలవియ్యరు. క్రషింగు బందైనంక నీ ఇష్టం.”

గొంతు వణికితే పట్టుకుందామని కాచుకున్నాను. వణకలేదు. పక్క గదిలో మా నాన్న, బాపు, మాత్రం దగ్గాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు నుంచి వచ్చాక ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి పడుకుంటున్నాడని తర్వాత తెలిసింది. అంటే కాపలా కాస్తున్నది నేనొక్కణ్ణే కాదు.

మా ఇంట్లో అందరికంటే పెద్ద అనుమానం మామది, అంటే అవ్వ అన్నది. ఎడపల్లిలో వరి పండించేవాడు. అవ్వ, బాపు బాప్తిస్మం తీసుకున్నా ఆయన తన దేవుళ్లతోనే ఉండిపోయాడు. మా పాస్టరు అయ్యగారు ఇంటికొస్తే చాలు, మామ సైకిల్ మీద వచ్చి దిగి ఆయన ఎదురుగా కూర్చునేవాడు. అయ్యగారు ఏం తీసుకుపోతాడో మామకు తెలియదు. ఏదో తీసుకుపోతాడని మాత్రం తెలుసు.

ఒక ఆదివారం అవ్వ సంఘం వాళ్లను పిలిచి, టీ పోసి, తన సమాధి దగ్గర పాడాల్సిన పాటలు తన ముందే పాడించుకుంది. వాళ్లు బరువుగా సాగదీస్తున్నారు.

“గింత మెల్లగ పాడితె నేను లేసి కూసుంట,” అంది అవ్వ. “జర ఉషారుగ పాడుండ్రి. నేను పరలోకం పోతున్న, అంగడికి కాదు.”

అయ్యగారు నవ్వాడు. మామ నవ్వలేదు.

“సెల్లె, పాటలు మీవి పాడుకోండ్రి. మూడో దినం పిట్టకు పెట్టుడు మాత్రం నాది.”

మామ వాళ్లలో చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి మూడో నాడు ఆకులో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం.

“అన్నా, మూడో దినాన మా ప్రభువు లేసిండు. నువ్వు గా దినమే నన్ను కాకిని చేస్తవా? పెట్టనని మాటియ్యి.”

“సరే తియ్యి,” అన్నాడు మామ. మరీ తొందరగా ఒప్పుకున్నాడు. అవ్వ నా వైపు చూసింది. నేనూ ఆమె వైపే చూస్తున్నాను.

వాళ్లంతా వెళ్లాక నన్ను పిలిచింది. “మూడో దినం మీ మామ మీద ఓ కన్నెయ్యి. అయ్యగారు మెత్తటోడు, మీ బాపు ఏడుస్తడు. నువ్వైతె దేన్నీ నమ్మవు. అందుకే నిన్ను నమ్ముతున్న.”

“పరలోకం ఖాయమైతే కాకికి ఎందుకు భయపడతావు?” దొరికిందనుకుని అడిగాను.

“కాకికి నాకేం భయం? రాకుంటె మీ మామ పరేషాన్ అయితడు. సెల్లెకు ఏం కోరిక మిగిలెనో, నేనేం తక్కువ చేస్తినో అని సచ్చేదాంక అదే రంది పెట్టుకుంటడు. నేను ఆడ సల్లగుంట. ఈడ అన్న ఏడ్సుకుంట కూసుంటె ఎట్ల?”

తర్కశాస్త్రంలో దీనికి జవాబు ఉండే ఉంటుంది. మా సిలబస్‌లో లేదు.

ఆ తర్వాత అవ్వ తన కోరికలు ఒక్కొక్కటే అన్నకు చెప్పడం మొదలుపెట్టింది. పొయ్యి మీది వేడి బెల్లం కావాలంది, తెచ్చాడు. గోదావరి చూడాలంది, ఎడ్లబండి మీద నందిపేట దాకా తీసుకుపోయాడు. అడిగినప్పుడల్లా “ఇంకేమన్న ఉందా?” అని అనుమానంగా ఆమె ముఖంలోకి చూసేవాడు.

ఆ ఏడు క్రషింగు ఆగి, ఫ్యాక్టరీ కూత బందైన వారంలో అవ్వ పోయింది. పాటలు ఉషారుగానే పాడారు. బాపుకు సెలవు దొరికింది.

మూడో దినం సమాధి దగ్గర ప్రార్థన చేసి అందరూ వెళ్లిపోయారు. నేను కంచె పక్కన నిలబడ్డాను. అనుకున్నట్టే మామ వెనక్కి వచ్చాడు, చంకలో తువ్వాల మూట. విప్పాడు. మోదుగాకు విస్తరిలో జొన్న గటక, చేపల పులుసు, అంచున బెల్లం ముక్క. అన్నీ ఆమెకు ఇష్టమైనవే. పక్క తుమ్మచెట్టు మీద కాకి అప్పటికే కూర్చుని ఉంది.

“మామా,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడలేదు. “మీ అవ్వ నిన్ను కావలి పెడ్తదని తెల్సురా.”

విస్తరి చేతిలోనే పట్టుకుని చాలాసేపు కాకిని చూశాడు. కింద పెట్టబోయి ఆగాడు. మళ్లీ వంగాడు. నేను అడుగు ముందుకు వేశాను.

“అడిగినయన్నీ తీర్సిన,” అన్నాడు చివరికి. “ఒక్కటే మిగిలింది.”

“ఏంది?”

“పిట్టకు పెట్టొద్దన్నది.”

సమాధి పక్కనే కూలబడ్డాడు. విస్తరి ఒళ్లో పెట్టుకుని గటక రెండు ముద్దలు చేసి, ఒకటి నాకిచ్చాడు. ఆయన ఏడుస్తూనే తిన్నాడు, కానీ చేప ముళ్లు జాగ్రత్తగా తీసుకుంటూ తిన్నాడు. బెల్లం చెరి సగం కొరికాం.

ఖాళీ విస్తరి మడిచి మామ తువ్వాలలో చుట్టుకున్నాడు. తుమ్మచెట్టు మీది కాకి తల పక్కకు వంచి మా ఇద్దరినీ అనుమానంగా చూసింది.