పళ్లు మాత్రమే కావలసిన సారు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొన్నాళ్లకు, హిమాయత్ సాగర్ వైపు మా పొలం పక్కనున్న భూమిని ప్లాట్ల కోసం చదును చేయసాగారు. అక్కడ గుండ్రంగా పాతిన పెద్ద బండలుండేవి. మా వాళ్లు వాటిని రాక్షసగుళ్లు అనేవారు. అవి వేల ఏళ్ల కిందటి సమాధులని, యంత్రాలు వాటి మీదికి రాకముందే తవ్వి చూడాలని పట్నం నుంచి ఒక ప్రొఫెసరు విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చాడు. మా ఇంటి ముందుగదులు కిరాయికి తీసుకున్నాడు. చదువుకున్నవాళ్లు మంచిపని మీద వచ్చారని నాకు సంతోషమే అయింది. వచ్చిన రోజు నేనే జొన్నరొట్టెలు చేసి పెట్టాను.

తవ్వితే కుండలు దొరికాయి, తుప్పుపట్టిన కత్తులు దొరికాయి. తర్వాత మనుషుల ఎముకలు. వాటిని తట్టల్లో తెచ్చి మా నీళ్ల హౌజు దగ్గర పాత టూత్‌బ్రష్‌లతో కడిగేవారు. మేడమీద నా పాతచీర పరిచి ఆరబెట్టేవారు. ఎముకలంటే నాకు భయం లేదు. మా అత్తను మా పొలంలోనే పూడ్చాం. ఏటా పెత్తరమాసకు, పెద్దల అమావాస్యనాడు, అక్కడ దీపం పెట్టి వస్తాను. నాకు రోత పుట్టింది వేరే వాటిని చూసి.

ఒక మధ్యాహ్నం మంచినీళ్లు ఇద్దామని గదిలోకి పోయాను. విద్యార్థులు ఒక పుర్రెకు నల్లకళ్లద్దాలు తగిలించి, టోపీ పెట్టి, దానికి చెంపలు ఆనించి సెల్‌ఫోన్లో ఫోటోలు దిగుతున్నారు. పక్కనే బిర్యానీ పొట్లాలు విప్పి ఉన్నాయి. వాళ్లు కొరికి పడేసిన కోడి ఎముకలు, ఎవరిదో మనిషి దవడ ఒకే కాగితం మీద పడి ఉన్నాయి. ప్రొఫెసరు అక్కడే కూర్చొని నవ్వుతున్నాడు. చెంబు గడప దగ్గరే పెట్టి బయటికి వచ్చేశాను.

తర్వాత చిన్న ఎముకలు వచ్చాయి. అయిదారేళ్ల పిల్లవి కావచ్చన్నాడాయన. ముంజేతి ఎముకకు పచ్చగా చిలుము పట్టిన రాగి కడియం అలాగే ఉంది. తల్లి తొడిగి పంపి ఉంటుందనుకున్నాను. ఆయన ఆ ఎముకను విరిచి కడియం తీసుకున్నాడు. ఆ తర్వాత దవడను గుప్పిట్లో బిగించి పట్టకారుతో పళ్లు పీకసాగాడు. ఒక్కోటి టక్కుమని ఊడుతోంది. ఒకటి మొండికేస్తే గట్టిగా లాగాడు, దవడే ఫెళ్లున విరిగింది. "పోనీలే" అని మూలకు విసిరాడు.

"సార్, జర మెల్లగ తీయరాదు?" అన్నాను.

"పన్ను పరీక్షిస్తే వీళ్లేం తినేవారో, ఎక్కడివాళ్లో తెలుస్తుందమ్మా. వీళ్ల కోసం ఏడ్చేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదా."

"మా అత్త గా పొలంల ఉన్నది. ఆమెను ఎన్నేండ్లకు తవ్వొచ్చు సార్?"

ఆయన చేతిలో పట్టకారు ఆగలేదు. "అదీ ఇదీ ఒకటెలా అవుతాయమ్మా" అన్నాడు.

వేసవి అయిపోయేసరికి పళ్లు డబ్బాల్లో, కుండలు పెట్టెల్లో సర్దుకొని వెళ్లిపోయారు. గది ఊడ్వబోతే మూలన ఎరువు సంచుల్లో ఎముకలు అలాగే ఉన్నాయి. సంచులను ఎలుకలు కొరికాయి. మీద గుట్కా ఉమ్మిన మరకలు. మా ఆయన ప్రొఫెసరుకు ఫోన్ చేస్తే, "మాకు కావలసింది తీసుకున్నాం. మిగిలింది ఎక్కడైనా పారేయండి" అన్నాడట. వాటిని పూడ్చిపెడదామన్నాను.

"పోలీసులు అడిగితే ఏం జెప్తం?" అన్నాడు మా ఆయన.

"అడిగితే అడగనీ. మనుషులను పెంటకుప్పల ఏస్తమా?" అన్నాను.

వాళ్లను తీసిన చోటు అప్పటికే ప్లాట్ల రోడ్డు కింద పడిపోయింది. అందుకని మా పొలం గట్టున గుంత తవ్వాం. ఎముకలన్నీ కడిగి, తెల్లబట్టలో పెట్టి పూడ్చాం. వాళ్లు ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లో తెలియదు. ఊరికే దండం పెట్టి, మట్టి మీద నీళ్లు చల్లి ఇంటికొచ్చాం.

వానలు పడ్డాక ప్రొఫెసరు ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"ఆ ఎముకలు ఉన్నాయా అమ్మా? ఇంకో పరీక్షకు కావాలి."

"మట్టిల పెట్టినం సార్."

"ఎవర్నడిగి పెట్టారు? అది ప్రభుత్వ ఆస్తి. కేసవుతుంది తెలుసా?"

"పారేయుమన్నది మీరే గద సార్. రండి, మీరే తవ్వుకోండి. నేను పక్కన నిలబడి చూస్త."

ఆయన ఫోన్ పెట్టేశాడు. కేసూ రాలేదు, ఆయనా రాలేదు.

తవ్వొద్దని నేను ఇప్పటికీ అనను. మా పొలం పక్కన బతికినవాళ్లు ఏం తిన్నారో, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలుసుకోవాలని నాకూ ఉండేది. ఆ సంగతి ఆయన మాకు ఎన్నడూ చెప్పలేదు.