తీసి పక్కన పెట్టిన రిలే

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు అసహ్యం. ఫ్యాను కిర్రుమంటే ఆత్మ, కుక్క ఏడిస్తే ఆత్మ, కరెంటు పోతే ఆత్మ... ఛీ. అలాంటి నేను చెబుతున్నాను. ఎవరి మీద ఒట్టు పెట్టమంటే వాళ్ళ మీద పెడతాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

నేను తెనాలిలో కరెంటు ప్యానెల్ బోర్డులు కడతాను. రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల మేత కంపెనీలు... అన్నిటికీ. పాడైతే నేనే వెళ్ళి బాగుచేస్తాను. ఆ రోజు బాపట్లలో పని ముగించుకుని ఇంటికి బయల్దేరుతుంటే ఫోను. రేపల్లె దగ్గర ఒక రైస్ మిల్లు మేనేజరు.

"సార్, మా స్క్రూ ఆగట్లేదండి. బటన్ నొక్కినా తిరుగుతానే ఉందండి. మెయిన్ కట్టేస్తే గాని ఆగలేదు. దానికేదో పట్టిందండి."

"ఏం పట్టిందయ్యా? జలుబా?" అన్నాను.

స్క్రూ అంటే మేకు లాంటిది కాదు. నేలలో గుంట ఉంటుంది, దాని అడుగున ఇనప తొట్టి, తొట్టిలో మెలికలు తిరిగిన పెద్ద ఇనప రెక్క. అది తిరుగుతుంటే ధాన్యం ముందుకు పోతుంది. మధ్యలో చెయ్యి పెడితే చెయ్యి కూడా పోతుంది.

బండి అటు తిప్పాను. వాన. వెళ్ళేసరికి పదిన్నర దాటింది. మేనేజరు అప్పటికే ఇంటికెళ్ళి పడుకున్నాడు. అంత భయం మరి! ప్యానెల్ తలుపుకి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటయ్యా ఈ దరిద్రం?" అన్నాను.

అక్కడున్నది ఆపరేటర్ ఒక్కడే. యేసుపాదం. అరవై దగ్గర పడ్డ మనిషి. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

"అది నేను కట్టలేదండి. మేనేజర్ గారండి. నేను ప్రార్థన చేసుకుంటానండి, అంతే."

"మీరిద్దరూ కలిసి మిల్లు నడుపుతున్నారన్నమాట!"

పాపం, నవ్వాడు. నేను నవ్వలేదు.

తలుపు తీసి చూడగానే విషయం అర్థమైంది. మెషీన్ ఏం చెయ్యాలో చెప్పే పెట్టె ఒకటి ఉంటుంది. దాని మాట బయటికి చేర్చేది రిలే కార్డు. ఎనిమిది చిన్న రిలేలు వరసగా, అగ్గిపెట్టెల్లాగా. పెట్టె చెప్పగానే లోపల చిన్న రేకు టక్‌మని అతుక్కుంటుంది, కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చికి కరెంటు పోతుంది, మోటారు తిరుగుతుంది. పెట్టె ఆపమంటే రేకు వదిలేస్తుంది. అంతే. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. నేను పెట్టిన మంచి కార్డు తీసేసి ఎవడో నాసిరకం కార్డు బిగించాడు. నిప్పురవ్వలకి స్క్రూని నడిపే ఆరో రిలే మాడిపోయి నల్లబడింది.

"ఇది బిగించిన మహానుభావుడు ఎవడు?"

"మేనేజర్ గారి బామ్మర్దండి."

"ఏం పని చేస్తాడు?"

"సెల్‌ఫోన్లు బాగుచేస్తాడండి."

ఇక నేనేం మాట్లాడను? మెయిన్ ఎటూ కట్టేసే ఉంది. వైర్లు విప్పి, కార్డు పీకి, స్టూలు మీద పేపరు పరిచి దాని మీద పెట్టాను. కరెంటు దారి కలిసి ఉంటే కూసే మీటరు పెట్టి చూశాను. మిగతా ఏడూ సైలెంట్. ఆరోది... బీ... అని ఒకటే కూత. రేకు కరిగి అతుక్కుపోయిందన్నమాట. ఇక జన్మలో వదలదు.

యేసుపాదం గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"ఇప్పుడు పవర్ రాదు కదండీ?"

"రాదులే, పో" అన్నాను.

ఇంకేదో అన్నాడు. నేను వినలేదు. అలాంటివాళ్ళ మాటలు వినే అలవాటు నాకు లేదు. వెళ్ళిపోయాడు.

సరే, కార్డు సంగతి తేలింది. స్క్రూ మోటారు బాగుందో లేదో కూడా చూసేస్తే ఇంటికి పోవచ్చు. దానికి రిలే అక్కర్లేదు. మెయిన్ వేసి, కాంటాక్టర్‌ని స్క్రూడ్రైవర్ పిడితో లోపలికి నొక్కితే చాలు, మోటారు తిరిగేస్తుంది. మెయిన్ వేశాను. స్క్రూడ్రైవర్ తిప్పి పట్టుకున్నాను. పిడి కాంటాక్టర్‌కి ఆనించాను...

టక్.

వెనక నుంచి.

బల్లి అనుకున్నాను. రేకుల మీద వాన. బయట బాయిలర్ బ్లోయర్ హోరు. అంత చప్పుడులోనూ స్పష్టంగా వినపడింది. ఇరవై ఏళ్ళుగా వింటున్నానండీ, రిలే అతుక్కునే ఆ చప్పుడు. నిద్రలో లేపి వినిపించినా చెప్పగలను. కానీ అదేనని ఒప్పుకోదలచుకోలేదు. మళ్ళీ పిడి ఆనించాను.

టక్.

తిరిగాను. స్టూలు... పేపరు... కార్డు. ఒక్క వైరు లేదు. గాలి కూడా తగలట్లేదు దానికి. పేపరు అంచు కూడా కదలట్లేదు.

నవ్వొచ్చింది నాకు. నిజంగా. 'ఆహా, వచ్చావా' అనుకున్నాను. ప్లాస్టిక్ వేడెక్కి చల్లారితే చప్పుడు చేస్తుంది. ఈ మాత్రం దానికే గదా ఈ వెధవలు నిమ్మకాయలు కట్టేది. అది ప్లాస్టికేనని నాకు నేనే చూపించుకుందామని మీటరు క్లిప్పులు ఆరో రిలేకి తగిలించాను. బీ... ఒకటే కూత. రేకు అతుక్కునే ఉంది. పైమూత పారదర్శకంగా ఉంటుంది. టార్చి వేసి, మొహం దగ్గరగా పెట్టి చూశాను. నల్లగా మాడిన రేకు. కదలదు. కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాను. బీ... అని కూత సాగుతూనే ఉంది. మెల్లగా, ఒక్క వేలు దాని మీద పెట్టాను. చల్లగా ఉంది. గోడలాగా చల్లగా. చల్లారడానికి వేడంటూ ఉండాలి కదా...

టక్.

వేలికి తగిలింది. లోపల నుంచి ఎవరో గోటితో కొట్టినట్టు. రేకు కదల్లేదు. కూత ఆగలేదు. నేను చూస్తుండగానే...

భయమేసిందా అంటే, లేదు. ముందు కోపం వచ్చింది. ఈ యేసుపాదం గాడే ఏదో వేషం వేస్తున్నాడు, నాలుగు తిట్టి వద్దామని బయటికి నడిచాను. వరండాలో లేడు. బాయిలర్ దగ్గర లేడు. ధాన్యం గుంట దగ్గర మాత్రం కింద నుంచి పైకి వెలుతురు... టార్చి వెలుతురు.

వంగి చూశాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. భుజం దాకా చెయ్యి స్క్రూలో ఉంది. రెక్కల మధ్య నుంచి తడిసి గడ్డకట్టిన ధాన్యం లాగుతున్నాడు.

"ఏయ్..." అన్నాను. అంతే.

"గడ్డ కట్టేసిందండి" అన్నాడు తల ఎత్తకుండా. "మీరు పవర్ రాదన్నారు కదండీ. గుంట శుభ్రం చేసొస్తానని మీకు చెప్పే వచ్చాను."

"చెయ్యి తియ్యి!"

"అయిపోయిందండి, ఇంకొక్క..."

"తియ్యవయ్యా బాబూ!"

పరిగెత్తాను. మెయిన్ కట్టేశాను. అక్కడే నేల మీద కూలబడ్డాను. స్టూలు మీద కార్డు మాత్రం మళ్ళీ కిక్కురుమనలేదు. మీటరు కూస్తూనే ఉంది. దాన్ని అలాగే వదిలేశాను.

యేసుపాదం వచ్చి మంచినీళ్ళు ఇచ్చాడు. "షాక్ కొట్టిందా అండి?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం.

కార్డు తెనాలి తెచ్చుకున్నాను. మర్నాడు పట్టపగలు, షాపులో, ఆరో రిలే మూత కోసి చూశాను. రేకు వెల్డింగ్ చేసినట్టు అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా లేపినా రాలేదు. రేకుని లాగే తీగచుట్ట కూడా లోపల తెగిపోయి ఉంది. అది చప్పుడు చెయ్యడానికి దారే లేదు. ఈ పనిలో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకడు ప్లాస్టిక్ అన్నాడు. ఇంకొకడు నిద్ర చాలకపోయి ఉంటుందన్నాడు. ఎవరైనా నాకు చెబితే నేనూ అవే అనేవాణ్ణి. ఇంకా వెటకారంగా అనేవాణ్ణి.

వారం తర్వాత కొత్త కార్డు బిగించడానికి వెళ్ళాను. ఆ రోజు యేసుపాదానికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెయిన్ వేసింది, పిడి ఆనించింది, అన్నీ. తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. అతను తిట్టలేదు, కొట్టలేదు.

"ఆ చప్పుడు రాకపోతే నొక్కేవారా అండి?" అన్నాడు.

"నొక్కేవాణ్ణి."

"ఎన్నిసార్లు వచ్చిందండి?"

"మూడు."

నా మొహంలోకి చూశాడు. అంతవరకూ నన్నెవరూ అలా చూడలేదు.

"మూడుసార్లు చెబితే గాని కదల్లేదా అండి మీరు?"

తల దించుకుని కొత్త కార్డు బిగించడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు ఏంటో... ఇప్పటికీ తెలీదు.