వాదీకి ఇవతలి గేటు

2015 జనవరిలో అల్ సువైక్ చేరాను. అప్పటికి పదిహేడేళ్లు సైన్యంలో చేసి, హవల్దారుగా రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోవడం చేతకాక సెక్యూరిటీ ఉద్యోగానికి ఒప్పుకున్నాను. దిగింది ఒమాన్‌లో. బతికింది మాత్రం కొరియాలో. కంపెనీ కొరియన్లది, క్యాంపు కొరియన్లది, మాటా మర్యాదా వాళ్లవే. గేటు దాటితే ఒమాన్. రెండు చోట్లా నేను పరాయివాణ్ణే.

నా పోస్టు ఒకటో నంబరు గేటు. రేకుల క్యాబిన్, రిజిస్టర్, విజిల్, వాకీటాకీ. డ్యూటీ పొద్దున అయిదు నుంచి సాయంత్రం అయిదు దాకా. గేటుకు నూటయాభై మీటర్ల దూరంలో వాదీ. వాదీ అంటే మన వంక లాంటిదే. ఏడాదంతా ఒట్టి గులకరాళ్లు. కొండల్లో వాన పడిందా, ఇక్కడ చినుకు లేకపోయినా గంటలో నీళ్లు దిగుతాయి. సైట్ వాదీకి అవతల. మధ్యలో వంతెన లేదు, వాదీ అడుగునే పోసిన కాంక్రీటు దారి.

ఆరింటికి అందరూ వరుసల్లో నిలబడి వ్యాయామం చేయాలి. నాకది సంతోషం. సైట్ పెద్దను వాళ్లు సోజాంగ్ అంటారు. యాభై అయిదేళ్ల మనిషి. నేను సోల్జర్నని తెలిసి, "నేనూ చేశాను, రెండేళ్లు" అని తన కాఫీ ప్యాకెట్ ఇచ్చాడు. రెండు చేతులతో అందుకోవాలని పక్కనున్న సర్వేయర్ సైగ చేశాడు. సర్వేయర్ కూడా కొరియనే, ఇరవై ఆరేళ్లుంటాయి.

రెండో నెలలో నేనొక తప్పు చేశాను. బారియర్ పెట్టిన చోటు సరికాదని సోజాంగ్‌తో నలుగురి ముందు అన్నాను. మాట నిజమే. అయినా పది రోజులు ఆయన నా ముఖం చూడలేదు. "పెద్దవాళ్లను అందరి ముందూ కాదనకూడదు. తర్వాత, ఒంటరిగా, మెల్లగా చెప్పాలి" అని సర్వేయర్ వచ్చీరాని ఇంగ్లీషులో బోధించాడు. పెద్దల మాట చద్దిమూట అని మనం నోటితో అంటాం, వాళ్లు పాటిస్తారు. పటాలంలో పెరిగినవాణ్ణి, నాకు కొత్తేముంది? నోరు కట్టేసుకోవడం తొందరగానే వంటబట్టింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం. కొండల మీద నల్లటి మబ్బు. మా దగ్గర ఒట్టి గాలి. 2:50కి వాదీలో ఎర్రనీళ్లు కనిపించాయి. చీలమండ లోతు. సర్వేయర్, డ్రైవర్ ఖాదర్ పికప్‌తో అవతల ఒడ్డున ఉన్నారు. ఖాదర్‌ది కడప, నాది కమలాపురం. క్యాంపులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు.

ఆఫీసులో సియోల్ నుంచి వచ్చిన పెద్దలున్నారు. నాలుగింటికి వాళ్లు వెళ్లిపోతారు. సర్వేయర్ దగ్గరున్న కొలతల కాగితాలు వాళ్లకు కావాలి. 3:10కి రేడియోలో సోజాంగ్ గొంతు. ఆ కొరియన్ మాటల్లో నాకు అర్థమైంది ఒకటే, ప్పల్లి ప్పల్లి, అంటే తొందరగా. సర్వేయర్ "నే, నే" అన్నాడు. అది వాళ్ల 'అవునండీ'. నీళ్ల సంగతి చెప్పినట్టు నాకు అనిపించలేదు. ఆ ఛానెల్‌ను ఆఫీసులో అందరూ వింటున్నారు.

నిమిషానికల్లా రెండో ఛానెల్లో ఖాదర్ వచ్చాడు.

"అన్నా, నీళ్లు మోకాళ్ల కాడికి వచ్చినాయి. సర్వేయర్ సారేమో పోదాం పా అంటాండాడు. ఆయప్పకు గూడా భయమే. నువ్వన్నా సోజాంగ్‌కు చెప్పు అన్నా."

ఆఫీసు నాకు ముప్పై అడుగులు. లోపల సియోల్ వాళ్లు. ఆ పది రోజులు గుర్తొచ్చాయి.

"నేనెట్ల చెప్తా ఖాదరూ. సర్వేయరే చెప్పల్ల. ఆర్డర్ ఇచ్చినాడు గదా. నిదానంగా రాండి."

"సరే అన్నా."

3:22కి బండి నీళ్లలో దిగింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. సగం దూరం బాగానే వచ్చింది. పైనుంచి ఇంకో వరద దిగింది. ఇంజన్ ఆగింది. నేను గేటు వదిలి పరుగెత్తాను. సర్వీసులో పోస్టు వదలడం అదే మొదటిసారి. తాడు లేదు. ఫైర్ హోస్ ఈడ్చుకుపోయాను, అది ముప్పై మీటర్లు. బండి యాభై మీటర్ల దూరంలో ఉంది. ఒడ్డున నిలబడి విజిల్ ఊదాను. ఎందుకు ఊదానో ఇప్పటికీ తెలియదు.

3:26కి బండి కదిలిపోయింది. సర్వేయర్ కిటికీలోంచి దూకి తుమ్మచెట్టు పట్టుకున్నాడు. ఊరివాళ్లు లాగారు. ఖాదర్ మర్నాడు పొద్దున దొరికాడు, రెండు కిలోమీటర్ల కింద ఖర్జూరపు తోటలో.

ఆ రోజు సోజాంగ్ గేటు దగ్గరికి వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నీళ్లున్నాయని నాకెవరూ ఎందుకు చెప్పలేదు?" అని ఇంగ్లీషులో అడిగాడు. తలకు కట్టుతో సర్వేయర్ నేల చూస్తూ నిలబడ్డాడు. సోజాంగ్ నావైపు తిరిగాడు. నేను అటెన్షన్‌లోకి వచ్చి "యస్ సర్" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కాంట్రాక్టు ముగించుకుని మరుసటేడు ఇల్లు చేరాను. మూడు వారాలు వాయిదా వేసి కడప వెళ్లాను. ఖాదర్ వాళ్లమ్మ టీ పెట్టింది. "ఆకర్న నీతోనే మాట్లాడినాడంట గదా నాయనా. ఏమన్నాడు?"

"రేడియో సరిగ్గా వినపడలేదమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వుండావులే అని ధైర్యంగా ఉంటి" అంది.

మీరంతా సరిహద్దు కబుర్లు అడుగుతారు. కాల్పులు, మంచు, అవన్నీ మరిచిపోతున్నాను. ఇది పోవడం లేదు. ఇంజన్ ఆగిన బండి ఎర్రనీళ్లలో పక్కకు తిరుగుతోంది. వైపర్లు అద్దం తుడుస్తూనే ఉన్నాయి. తుడిచిన ప్రతిసారీ, అద్దం వెనక ఖాదర్ నావైపే చూస్తున్నాడు.