పండగనాటి సున్నపు గీత

ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు నిన్న సాయంత్రం పుస్తకం తెచ్చి, అవకలన సమీకరణంతో చేయాల్సిన లెక్క ఒకటి చూపించింది. ఒక తొట్టి, దాంట్లోకి వచ్చే నీళ్ళు, దాంట్లోంచి పోయే నీళ్ళు, చివరికి మట్టం ఎక్కడ నిలకడగా ఆగుతుందో కనుక్కోవాలి. అంతా బాగానే ఉంది గానీ, కింద చిన్న అక్షరాల్లో ‘ఇతర నష్టాలను లెక్కలోకి తీసుకోవద్దు’ అని ఉంది. ఆ మాట చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. తొట్టి లెక్కకు అవ్వకింత కోపమెందుకో తెలియక పాపం పిల్ల బిత్తరపోయింది.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. ఊరంతటికీ తాగునీళ్ళకు ఒకటే రాతిబావి. ఉగాదికి ముందురోజు మగవాళ్ళు దిగి పూడిక తీసేవారు, పండగ పొద్దున నీళ్ళు ఎంతవరకు ఊరాయో చూసి అక్కడ గోడకు సున్నంతో గీత గీసేవారు. ఆ కుంచె మా నాయన చేతిలో ఉండేది. నేను కర్నూలు కాలేజీలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, గణిత నమూనా అంటే ఏమిటో ఆ బావితోనే చెప్పేదాన్ని. ఈ ఉగాదికున్న నీళ్ళకు వానకు ఊరేవి కలిపి, మనం తోడుకునేవి తీసేస్తే వచ్చే ఉగాది నీళ్ళు. ఏడాదికోసారి చూస్తే అది డిఫరెన్స్ ఈక్వేషన్, క్షణక్షణం చూస్తే అవకలన సమీకరణం. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సుద్దముక్కతో పాటు ఇలాంటి ఉదాహరణ ఒకటుంటే గంట ఇట్టే గడిచిపోయేది.

ఇంతలో ఊరి పక్క నాపరాళ్ళ గని లోతుకు పోయింది, అడుగున ఊరిన నీళ్ళను మోటార్లతో వంకలోకి తోడిపోయడం మొదలైంది. ఇంకా లోతు తవ్వడానికి అనుమతి కావాలని బడి ఆవరణలో సభ పెడితే, నేను సెలవు పెట్టి వెళ్ళి, బోర్డు బయటికి తెప్పించి, ఆ మోటార్లు తోడిపోసే నీళ్ళను కూడా సమీకరణంలో చేర్చి, తీసివేసి చూపించాను. ఊరేదానికంటే పోయేది ఎక్కువైతే మట్టం ఎక్కడా నిలవదు, ఏటేటా దిగి అడుగంటుతుంది. గని తరఫున వచ్చిన ఇంజనీరు నవ్వి, మా బావిగోడ ఫొటో పైకెత్తాడు. ఇన్నేళ్ళ గీతలూ ఒక్కచోటే, మందంగా. మీ గోడే చెబుతోంది కదా మేడం, మట్టం కదల్లేదని, అన్నాడు.

నేను మా నాయన వైపు తిరిగాను. “పండగనాడు గీత కిందికి దించితే ఊరికి మంచిది కాదని, పాత గీతే దిద్దుతాండామమ్మా,” అన్నాడు నాకు మాత్రమే వినబడేటట్టు. ఆ ముక్క మైకులో చెప్పమని బతిమాలాను. ఊరి పరువు పోతుందని నోరు విప్పలేదు. ఏటేటా ముడివేసి పొడుగు చేసుకుంటున్న మా అమ్మ చేదతాడు తెచ్చి కొలవండి మహాప్రభో అని అరిచాను. తాడు రుజువు కాదన్నారు సభ నడిపే అధికారులు. బావిలో ఒక్కసారి చేద వేసి చూడని ఆ ఇంజనీరు పెద్దమనిషి మీద ఎంత కోపమో, గోడకు అబద్ధం చెప్పిన మా వాళ్ళ మీద అంతకంటే ఎక్కువ కోపం. అనుమతి వచ్చింది, కొన్నేళ్ళకే బావి ఎండింది. ముసలితనంలో మా అమ్మ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని తోపులాడింది. నాయన పోయాడు గానీ, నా కోపం పోలేదు.

నిన్న ఆ చిన్న అక్షరాల వాక్యం కొట్టేసి, వచ్చే నీళ్ళను మించి కారిపోయే నష్టం ఒకటి చేర్చి లెక్క మళ్ళీ చేయమన్నాను. చురుకైన పిల్ల, చేసింది. తొట్టి ఖాళీ అవుతుందని తేలింది. “నిజమే గానీ, ఇట్ల రాస్తే మార్కులు రావవ్వా,” అంటూ రబ్బరు తీసుకుని చెరిపేసింది.

మా నాయనకు శకునం, దీనికి మార్కులు. మా కాలం నుంచి దీని కాలానికి మారిందల్లా అంతేనేమో. పోయిన ఉగాదికి ఊరెళ్ళి బావిలోకి తొంగి చూశాను. అడుగున కంపచెట్లు మొలిచాయి. పైన గోడ మీద ఆ గీతకు ఎవరో కొత్తగా సున్నం పూశారు.